ఊ కొట్టని గది

వంతు అన్న ఒక్క మాటమీద నిలిచిన కాపురం అది. పెళ్లికి ముందు ఆ ఇద్దరూ చెప్పుకున్న మాటల్లో ప్రేమ పాలు ఎంతో వాళ్లకే తెలియాలి గాని, చదువు సంగతి మాత్రం ఏ సందిగ్ధానికీ తావు లేకుండా తేల్చుకున్నారు. ఒకరు చదువుకుంటున్నంత కాలం రెండోవారు ఇల్లు నడపాలి. ఆ చదువు పూర్తయ్యాక వంతు మారాలి. ఇద్దరూ ఒకేసారి పుస్తకాలు పట్టుకుంటే పొయ్యి మీదికి ఏమీ రాదని ఇద్దరికీ తెలుసు. విశ్వవిద్యాలయం నుంచి విద్యాశాస్త్ర పరిశోధనకు ఆమెకు ముందుగా పిలుపు వచ్చింది కాబట్టి మొదటి వంతు ఆమెదైంది.

అంతకుముందు ఆమె హైస్కూల్లో సామాన్యశాస్త్రం చెప్పేది. ఆమె బడిని వదిలినా బడి ఆమెను వదల్లేదు. ఎక్కడికి వెళ్లినా జనం నాలుగు మాటలు మాట్లాడేలోగా ఆమెను టీచరమ్మ అనడం మొదలుపెట్టేవారు. నిలబడే తీరులోనో, ఎదుటివాడు చెబుతుంటే తల కొంచెం పక్కకు వంచి వినే తీరులోనో అది తెలిసిపోయేది. ఆమె భర్త భవనాల నక్షాలు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆ ఆఫీసులో ఆయనకు స్కేలు అని పేరు; చేతిలో గీత వంకర పోదు, నోట్లో మాట వంకర పోదు. పరాయివాళ్లు ఊహించిన ఇళ్లకు గీతలు గీయడంతో సరిపెట్టుకోక, తానే ఇళ్లను ఊహించాలని ఆయన కోరిక. దానికి ఆర్కిటెక్చర్ డిగ్రీ కావాలి. పనిలో ఉన్న డ్రాఫ్ట్స్‌మన్‌ల కోసం కాలేజీవారు ఏటా కొన్ని సీట్లు విడిగా ఉంచుతారు గాని, వాటికి వయసు పరిమితి పెట్టారు. ఆమె చదువు ఏ ఆటంకమూ లేకుండా ముగిస్తే, ఆయన వంతు సరిగ్గా ఆ పరిమితి ఆఖరి ఏటికి వచ్చి చేరుతుంది. ఆ ఏడు జారిందా, ఇక ఆ వంతు లేనట్టే.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన తల్లి. ఆసుపత్రిలో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అయితే ఆ విశ్రాంతి పేరుకే. కొడుకు నక్షాల గొట్టాలూ కోడలి పుస్తకాల దొంతరలూ తప్పించుకుంటూ ఇల్లు ఊడ్చేటప్పుడు ఆవిడ అనేది:

"మన ఇంట్లో చదువు బస్సులో సీటులా తయారైందమ్మా. ఒకరు లేస్తే గాని ఇంకొకరు కూర్చోరు."

టీచరమ్మ పరిశోధనకు ఎంచుకున్న విషయం వినగానే బంధువులు ముఖముఖాలు చూసుకున్నారు. డిజిటల్ ఫోరెన్సిక్స్ అంటే, నేరం జరిగిన చోట దొరికే ఫోన్లలోంచీ కంప్యూటర్లలోంచీ సాక్ష్యాన్ని చెడకుండా బయటికి తీసే విద్య. పోలీసులకు ఆ విద్య నేర్పే శిక్షణ కేంద్రం ఒకటుంది. అక్కడ బోధన ఎలా సాగుతోంది, ఇంకెలా సాగితే బాగుంటుంది అన్నది ఆమె ప్రశ్న. దొంగలకూ పంతుళ్లకూ ఏమిటి సంబంధమని ఒక పినమామగారు అడిగితే, ఇద్దరి వెనకా పోలీసుల్లాంటి తనిఖీవాళ్లు తిరుగుతుంటారు కదా బాబాయిగారూ అని ఆమె నవ్వేసింది.

ఆ కేంద్రం పాత కట్టడంలో మేడమీద ఉంది. కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు. గాలి కొట్టే చప్పుడు రోజంతా తరగతి గదిలోకి వినిపిస్తూ ఉంటుంది. పొడవాటి బల్లలు, వాటిమీద పారదర్శకమైన సంచుల్లో చీటీలు కట్టిన ఫోన్లు, గోడవార తాళం వేసిన ఇనుప బీరువా, దానిమీద ఎవరూ నీళ్లు పోయని ఒక మొక్క. శిక్షణ ఇచ్చేవారు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. మనిషి రాయి. ముఖంలో ఒక్క కండరమైనా అనవసరంగా కదలదు. తరగతి మొదటి గంటలో ఆయన చెప్పే సూత్రాన్ని ఆయన విద్యార్థులు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు: దొరికిన ఫోను వెలుగుతుంటే ఆర్పకు, ఆరి ఉంటే వెలిగించకు, అసలును కదపకు, నకలు తీసి నకలుమీదే పని చెయ్యి. ఎందుకంటే మీట ఒక్కటి నొక్కినా లోపల ఎక్కడో ఒక తేదీ మారుతుంది, తేదీ మారిన సాక్ష్యాన్ని ఎదుటి వకీలు కోర్టులో ఉతికి ఆరేస్తాడు.

విద్యార్థులకు సూత్రం రాకపోవడం కాదు చిక్కు. రాతపరీక్షలో అందరూ చక్కగా రాస్తారు. మర్నాడు నిజమైన ఇంటికి నిజమైన దర్యాప్తుకు వెళ్లి, బల్లమీద ఫోను కనబడగానే టైమెంతైందోనని మీట నొక్కుతారు. శుభ్రత ఎక్కువైన కానిస్టేబుల్ ఒకతను, సాక్ష్యం మురికిగా ఉండకూడదనుకొని తెర మొత్తం జేబురుమాలుతో తుడిచి, వేలిముద్రలన్నీ మాయం చేసి మరీ సంచిలో వేశాడు. ఇది పోలీసుల తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. తెలియడానికీ అలవడడానికీ మధ్య ఎంత దూరముందో బడిలో నిలబడి పాఠం చెప్పిన ప్రతివారికీ తెలుసు. చేయి కడుక్కోవాలని ప్రతి పిల్లవాడికీ తెలుసు, కడుక్కునేది ఎందరు?

టీచరమ్మ అందుకు ఒక ఉపాయం ఆలోచించింది. ముందు సూత్రం చెప్పి తర్వాత పని అప్పగించకుండా, ముందు పని అప్పగించింది. పనికిరాని పాత ఫోన్లు ఇచ్చి, ఇందులో ఏముందో తీయండి అంది. సహజంగానే వాళ్లు నొక్కకూడనివన్నీ నొక్కి పాడుచేశారు. అప్పుడు, ఏం పాడైందో, ఎవరి వేలివల్ల పాడైందో వాళ్లచేతే వెతికించింది. తన వేలు చేసిన నష్టాన్ని తన కంటితో చూసినవాడికి సూత్రం వేరే చెప్పనక్కర్లేదని ఆమె నమ్మకం. ఒక జట్టుకు ఇన్‌స్పెక్టరుగారు పాత పద్ధతిలో చెప్పారు, మరో జట్టుకు ఆమె తన పద్ధతిలో చెప్పింది.

ఆఖరున పరీక్ష. రెండు గదుల్ని ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన ఇంటి గదుల్లా అమర్చారు. బల్లమీద తెరిచి ఉన్న కంప్యూటరు, పక్కనే వెలుగుతున్న ఫోను, సొరుగులో పెన్‌డ్రైవు, సగం తాగిన టీ కప్పు. విద్యార్థి ఒక్కడే లోపలికి వచ్చి, తాను చేస్తున్నదేమిటో పైకి చెబుతూ ఒక్కొక్కటీ స్వాధీనం చేసుకోవాలి. మూలన కుర్చీలో కూర్చున్నవారు తప్పొప్పులు గుర్తిస్తారు; పైన కెమెరా చిత్రిస్తూ ఉంటుంది. రెండు గదుల్లోనూ పరీక్ష ఒకే సమయంలో జరిగింది కాబట్టి, పాత పద్ధతి జట్టు గదిలో ఇన్‌స్పెక్టరుగారు కూర్చున్నారు, కొత్త పద్ధతి జట్టు గదిలో టీచరమ్మ కూర్చుంది.

ఫలితాలు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. రెండు జట్లకూ పోలికే లేదు. టీచరమ్మ జట్టు ఎక్కడికో వెళ్లిపోయింది. పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసరమ్మ, సాధారణంగా ఎర్ర సిరాతో తప్ప మాట్లాడని మనిషి, నోరారా మెచ్చుకుంది. ఈ పద్ధతిని అన్ని శిక్షణ కేంద్రాల్లోనూ పెడతామన్నారు. సిద్ధాంత గ్రంథం సమర్పించిన రోజే ఈ కేంద్రంలో ఆమెకు పర్మనెంటు ఉద్యోగమని మాట ఇచ్చారు. ఇంట్లో స్కేలుగారు ఆర్కిటెక్చర్ దరఖాస్తు పంపించి, సీటు తెచ్చుకొని, ఆఫీసులో రాజీనామా మాట పైవాళ్ల చెవిన వేసి వచ్చారు. వంతు మారబోతోంది.

ఒక ఆదివారం పగటిపూట ఆమె చివరి అధ్యాయంలోని లెక్కలు సరిచూసుకోవడానికి పరీక్ష దృశ్యాలను మళ్లీ వేసి చూస్తోంది. స్కేలుగారు ఆమె వెనక బల్లమీద దుప్పటి పరుచుకొని బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. ఆయన వీపు తెరవైపు ఉంది. మాటలు వినిపిస్తున్నాయి గాని బొమ్మ కనబడదు. తెరమీద ఒక కానిస్టేబుల్, ఫోను వెలుగుతోంది మేడమ్, వెలుగుతోంది కాబట్టి ఆర్పను, సిగ్నలు అందని సంచిలో వేస్తాను అని చెబుతున్నాడు. తర్వాత కంప్యూటరు దగ్గరికి వెళ్లాడు.

స్కేలుగారు కాలరు మడత సరిచేస్తూ అన్నారు: "ఇప్పుడు తప్పు చేయబోతాడు చూడు."

కానిస్టేబుల్ చేయి కంప్యూటరు మీటలమీదికి వెళ్లింది. గాల్లోనే ఆగింది. వెనక్కి వచ్చింది.

తర్వాతి విద్యార్థి వచ్చాడు. ఆయన మళ్లీ, వీడు పెన్‌డ్రైవు దగ్గర తడబడతాడు అన్నారు. తడబడ్డాడు. ఆ తర్వాతి అమ్మాయి సగంలో ఉండగా, ఈమె ఇప్పటిదాకా ఒక్క తప్పూ చేయలేదన్నారు, నిజమే. టీచరమ్మకు సరదా వేసింది. ఈయనకు జ్యోతిషం ఎప్పుడు అబ్బిందని వెక్కిరించింది.

"జ్యోతిషమేమీ కాదు," అన్నారాయన చొక్కా తిప్పేస్తూ. "తప్పు రాబోయే ముందు అందులో నువ్వు ఊ కొట్టడం ఆపేస్తున్నావుగా."

ఊ అన్నది చిత్రమైన శబ్దం. దానికి లింగమూ లేదు, వచనమూ లేదు, విభక్తీ పట్టదు. వ్యాకరణం దాన్ని అవ్యయాల బల్లమీద ఒక చివర కూర్చోబెట్టి మరిచిపోయింది. నిఘంటువు కూడా దానికి పెద్దగా చోటివ్వదు. కానీ ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ చెప్పేవాడి నోరు ఎండిపోతుంది. పద్యం అప్పజెప్పే పిల్లవాడికి పంతులుగారి ఊ వినిపిస్తే రెండో పాదం దానంతటదే నాలుకమీదికి వస్తుంది. ఆ ఊ ఆగిందంటే మొదటి పాదం కూడా ఎగిరిపోతుంది. ఊ కొట్టడం మంచి పంతులు ఒంట్లో భాగం. రెప్ప వేసినట్టు, ఊపిరి తీసినట్టు, తనకు తెలియకుండానే కొడతాడు. బడిలో అది సుగుణం. ఆ సుగుణమే పరీక్ష గదిలో కూర్చున్న పరిశోధకురాలికి ఏమవుతుందో టీచరమ్మకు ఆ క్షణాన అర్థమైంది.

ఆమె దృశ్యాన్ని మొదటినుంచీ వేసింది. ఈసారి తెర చూడకుండా కళ్లు మూసుకొని విన్నది. విద్యార్థి సరైన మాట చెప్పినప్పుడల్లా మూలనుంచి మెత్తగా తన గొంతు, ఊ. చేయి తప్పు దారి పట్టగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చేయి ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ ఊ. జట్టంతా అంతే. వాళ్లు పోలీసులు, ఎదుటివారి నోట్లోంచి రాని మాటను కూడా వినడం వాళ్ల వృత్తి. అసలును కదపకూడదని ఊరంతటికీ నేర్పిన మనిషి, తన సాక్ష్యాన్ని తన గొంతుతోనే కదిపేసింది. పక్క గదిలో ఇన్‌స్పెక్టరుగారు రాయిలా కూర్చున్నారు. ఇక రెండు జట్లనూ పోల్చడమేమిటి?

ఇస్త్రీపెట్టె కింద చొక్కా చేయి కమిలిన వాసన వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

"నేను నోరు మూసుకొని ఇస్త్రీ చేసుకోవాల్సింది," అన్నారు స్కేలుగారు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదండీ."

"తెలియకపోతే ఏమయ్యేది?"

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది. ఆయనే చెప్పారు, కమిలిన చొక్కాను మడత పెడుతూ: "నా వంతు వచ్చేది."

ఆయన ఆ మాటను కోపంతో అన్నారనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టు. అబద్ధమాడడం చేతగాక అన్నారు. జట్టును కొట్టేసి మళ్లీ మొదలుపెడితే ఇంకో ఏడాదికి పైగా పడుతుంది. ఈలోగా ఫెలోషిప్ ఆగిపోతుంది, సమర్పించనిదే ఉద్యోగం రాదు, ఆమెకు ఉద్యోగం లేనిదే ఆయన ఆఫీసు మానలేరు, ఆఫీసు మానకపోతే సీటు పోతుంది, పోయిన సీటు మళ్లీ రాదు. గొలుసు అంతా ఇద్దరికీ కంఠతా వచ్చు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన ఇంట్లో మాట్లాడారు గాని, నీళ్లు పట్టానా, తలుపు వేశావా అన్నంతవరకే. అత్తగారు కొడుకు ముఖమూ కోడలి ముఖమూ చూసి, ఎవరికి జ్వరమో చెబితే థర్మామీటరు తెస్తానంది.

టీచరమ్మ ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆవిడ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. విద్యార్థి బతుకు తెలిసిన మనిషి. గ్రంథం చదివేవాళ్లెవరూ ఆ దృశ్యాల్ని కూర్చొని వినరనీ, పరిమితులు అనే శీర్షిక కింద ఒక వాక్యం చేరిస్తే చాలుననీ అంది. ఆ వాక్యాన్ని ఆవిడే రాసిచ్చింది కూడా: కొన్ని సందర్భాలలో పరిశీలకురాలి ప్రతిస్పందన అభ్యర్థులచే గ్రహింపబడి ఉండవచ్చునని భావింపబడినది.

టీచరమ్మ ఆ వాక్యాన్ని వెంట తెచ్చుకొని పార్కులో బెంచీమీద కూర్చొని చదువుకుంది. మన భాషకు ఈ కర్మణి ప్రయోగం ఒంటబట్టదు. తెలుగువాడు అన్నం తిన్నానంటాడే గాని, నాచేత అన్నం తినబడినది అనడు. అయినా విద్యావంతులం తప్పు చేసినప్పుడల్లా దాన్నే అరువు తెచ్చుకుంటాం, ఎందుకంటే అందులో చేసినవాడు కనబడడు. గ్రహింపబడి ఉండవచ్చుననట, భావింపబడినదట. ఎవరు ఊ కొట్టారు? ఎవరూ కొట్టలేదు. అది కొట్టబడినది.

సరే, వాక్యం సంగతి అలా ఉంచినా, ఆమెను కుదిపినది వేరే ఉంది. ఈ పద్ధతిని అన్ని కేంద్రాల్లోనూ పెడతారు. అక్కడ నేర్చుకున్నవాడు రేపు ఎవరి ఇంట్లోనో నిజమైన బల్లముందు నిలబడతాడు. అక్కడ ఆడపిల్లను పోగొట్టుకున్న తల్లి ఉండవచ్చు, చేయని నేరం మోస్తున్న మనిషి ఉండవచ్చు. అక్కడ మూలన కుర్చీ ఉండదు. కుర్చీలో తను ఉండదు. వాడి చేయి గాల్లోకి లేచినప్పుడు దాన్ని ఆపేందుకు ఏ నిశ్శబ్దమూ ఉండదు. ఆ పద్ధతి నిజంగా పనిచేస్తుందో లేదో తనకే తెలియదు. తెలిసినట్టు సంతకం పెట్టబోతోంది.

ఆమె బెంచీమీంచి లేచి తిన్నగా శిక్షణ కేంద్రానికి వెళ్లింది. ఇన్‌స్పెక్టరుగారు మొక్కకు నీళ్లు పోస్తున్నారు. బహుశా ఆ ఏడాదికి మొదటిసారి. ఆమె చెప్పిందంతా విని, ఆయన చెంబు కింద పెట్టారు.

"నేను చూశానమ్మా ఆ దృశ్యాలు. ఊ అంటున్నారని అప్పుడే గమనించాను."

"మరి చెప్పలేదేమండీ?"

"అది మీ పద్ధతిలో భాగమేమో అనుకున్నాను." ఆయన ముఖంలో ఎప్పటిలాగే ఏమీ కదల్లేదు. "పెద్ద చదువులవాళ్లు ఏదో ఉద్దేశంతోనే చేస్తారు గదా అని."

ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. తన సర్వీసులో సీలు చెడిపోయిన సంచులు ఎన్నో చూశాననీ, చెడగొట్టింది నేనేనని తనంతట తాను చెప్పినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందేననీ, అలాంటివాళ్లనే నమ్మి సాక్షి బోనులోకి పంపేవాడిననీ చెప్పారు. పర్మనెంటు ఉద్యోగం ఇప్పించడం తన చేతిలో లేదు. గంటల లెక్కన పాఠాలు చెప్పే పని ఉంది. ఉదయమూ మధ్యాహ్నమూ రెండు పూటలా ఉంది. గొంతు పోయేంత ఉంది. చేస్తానంది. కొత్త జట్లతో పరీక్ష మళ్లీ పెట్టుకోవడానికి గదులిస్తామన్నారు.

ఇంటికి వచ్చేసరికి స్కేలుగారు ఆఫీసులో రాజీనామా మాట వెనక్కి తీసుకోవడానికి తయారై, ఏమని చెప్పాలో మెట్లమీద కూర్చొని ఆలోచిస్తున్నారు. ఆమె పక్కన కూర్చుంది.

"మీరు సీటులో చేరుతున్నారు," అంది.

"వంతంటే నీది అయ్యాక నాది. మాట అదే కదా."

"మాట అదే. కానీ నా తప్పుకు మీ వంతును జరిమానాగా కట్టే మాట మనం ఇచ్చుకోలేదు."

"ఇద్దరం ఒకేసారి చదవకూడదనుకున్నాం."

"అనుకున్నాం. ఆ ముక్క నేను తప్పుతున్నాను. ఇంకో ముక్క నిలబెట్టడానికి."

ఆయన నేలమీద వేలితో ఒక గీత గీసి, దానికి లంబంగా మరొకటి గీసి, చెరిపేశారు. ఏదైనా లెక్క కుదురుతుందా అని చూసేటప్పుడు ఆయనకది అలవాటు. వంటింట్లోంచి అంతా వింటున్న అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఇక ఇద్దరూ నిలబడే వెళతారన్నమాట. వెళ్లండి. వార్డులో మంచానికి మంచం ఆనించి రోగులున్నప్పుడు చేశాను నేను. ఇద్దరంటే నాకు సెలవు కిందే లెక్క. కాకపోతే ఒకటి. గొట్టాలూ పుస్తకాలూ దారిలో కనబడితే పాతసామాన్లవాడికి వేస్తాను."

స్కేలుగారు తల ఎత్తి భార్యవైపు చూసి, "ఆ ఇస్త్రీ మాత్రం ఇకనుంచి నువ్వు చెయ్యి," అన్నారు. "నేను చేస్తుంటే నష్టం ఎక్కువగా ఉంది."

ఆ తర్వాతి కాలం సుఖంగా గడిచిందని చెప్పడానికి లేదు. చిన్న వాటాలోకి మారారు. వరండాలో ఒక బల్ల. దాని ఒక కొస నక్షాలది, రెండో కొస జవాబు పత్రాలది, మధ్యలో అత్తగారి మందుల డబ్బా సరిహద్దు రాయి. ఆయన కాలేజీ నుంచి వచ్చి పాత ఆఫీసుకు సాయంత్రాలు గీతలు గీసి ఇచ్చేవారు. ఆమె రెండు పూటలా పాఠాలు చెప్పి, గొంతు బొంగురుపోయి, ఇంట్లో సైగలతో సంసారం నడిపేది. దెబ్బలాటలు కూడా సైగలతోనే జరిగేవి గనక త్వరగా తేలిపోయేవి.

కొత్త పరీక్షకు ఆమె ఏర్పాట్లు మార్చింది. గదిలో ఎవరూ కూర్చోరు. పైన కెమెరా ఒక్కటే. దృశ్యాలు చూసి తప్పొప్పులు గుర్తించేవాళ్లు వేరే ఊరివాళ్లు. ఎవరు ఏ జట్టో వాళ్లకు తెలియదు. టీచరమ్మ స్థానం బయట మెట్లమీద. లోపల తన విద్యార్థులు తన పాఠాన్ని ఒడ్డున పడేస్తున్నారో ముంచుతున్నారో తెలియకుండా, చేతులు ఒళ్లో పెట్టుకొని, కింద సైకిల్ కొట్టులో గాలి కొట్టే చప్పుడు వింటూ కూర్చోవడం తన జీవితంలోకెల్లా కష్టమైన బోధన అని ఆమె తర్వాత అనేది.

పరీక్ష ముగించి బయటికి వచ్చిన వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ ఒకరు, నుదురు తుడుచుకుంటూ ఆమె దగ్గర ఆగారు.

"లోపల ఎవరూ లేకపోతే గుండె దడదడలాడిందమ్మా టీచరమ్మా."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను. మొన్న నేను పాడుచేసిన ఫోను గుర్తొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకొని కాసేపు నిలబడ్డాను. అప్పుడు పని మొదలుపెట్టాను."

ఆయన వెళ్లిపోయాక ఆమె మెట్లమీద కూర్చునే కళ్లు తుడుచుకుంది. చేతులు వెనక్కి కట్టుకోమని ఆమె ఏ పాఠంలోనూ చెప్పలేదు.

ఫలితాలు వచ్చాయి. మొదటి జట్టు మెరుపులు ఇందులో లేవు. రెండు జట్లకూ తేడా ఉంది, ఉందని గట్టిగా చెప్పగలిగినంత ఉంది, అంతకుమించి లేదు. చెడిన జట్టు కథను ఆమె గ్రంథంలో దాచలేదు, మూలకు నెట్టలేదు. ఒక పూర్తి అధ్యాయం దానికే ఇచ్చింది. దాని మొదటి వాక్యాన్ని ప్రొఫెసరమ్మ ఎర్ర సిరాతో ముట్టుకోకుండా వదిలేసింది: నేను ఊ కొట్టాను; వాళ్లు విన్నారు.

మౌఖిక పరీక్ష రోజు రానే వచ్చింది. అదే రోజు ఆర్కిటెక్చర్ కాలేజీలో స్కేలుగారి గీతలను పరీక్షకులు చూసే రోజు కూడా. దాన్ని వాయిదా వేయించుకొని వస్తానని ఆయన, వస్తే గుమ్మం తొక్కనివ్వనని ఆమె. చివరికి ఆయన తన పరీక్షకే వెళ్లారు. ఆమె తరఫున అత్తగారు వెళ్లి ముందు వరసలో కూర్చుంది. చర్చలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, డాక్టర్ల ముఖాలు చూసి రోగి పరిస్థితి చెప్పగల అనుభవంతో పరీక్షకుల ముఖాలు చదువుతూ, మధ్యమధ్య కోడలికి ఫర్వాలేదన్నట్టు తల ఊపింది.

బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు పుటలు తిరగేసి అడిగాడు.

"మొదటి ఫలితాలు చాలా పెద్దవి. వాటిని మీరే కొట్టేసుకున్నారు. ఇప్పుడు చేతిలో మిగిలింది చిన్న తేడా. విచారంగా లేదా?"

హాలంతా ఆమెవైపు చూసింది. ఆమె తల పక్కకు వంచలేదు. నిటారుగా నిలబడి చెప్పింది.

"చిన్నదే సార్. కానీ ఇది పూర్తిగా వాళ్లది. అందులో నా పాలు లేదు. పంతులు లేని గదిలో విద్యార్థి చేయగలిగినంతే కదండీ అసలు చదువు."

పరీక్షకుడు పుస్తకం మూసేశాడు. ఇన్‌స్పెక్టరుగారు చివరి వరసలో ఉన్నారు. ఆయన ముఖంలో ఆ రోజు ఏదో కదిలిందని అత్తగారి సాక్ష్యం. ప్రొఫెసరమ్మ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

అభినందనలు ముగియకముందే టీచరమ్మ అత్తగారిని ఆటో ఎక్కించి, తాను ఆర్కిటెక్చర్ కాలేజీ దారి పట్టింది. పొడవాటి వసారా, గోడల నిండా గుండుసూదులతో గుచ్చిన నక్షాలు, నేలమీద అట్టముక్కలూ జిగురు మరకలూ. తలుపు లోపల ఆయన గొంతు వినిపిస్తోంది. కిటికీలు తూర్పుకు ఎందుకు పెట్టారో, ముసలివాళ్లకు మెట్లు ఎందుకు తగ్గించారో గీత గీసినట్టు చెబుతున్నారు. తొందరలేదు, తడబాటు లేదు. ఆమె వసారాలో బెంచీమీద కూర్చొని చప్పుడు చేయకుండా వినసాగింది.

అట్టతో ఇల్లు అతికిస్తున్న కుర్రకారు, మూతులమీద మీసాలు ఇంకా సరిగా రానివాళ్లు, ఆమెను ఎగాదిగా చూశారు. తమకన్నా పెద్దవాడైన ఈ సహాధ్యాయిని వాళ్లు మొదటి రోజునుంచీ బాబాయ్ అనే పిలుస్తున్నారు. గీత తప్పితే చెవి మెలిపెడతాడని ఆయనంటే భయం కూడా. వాళ్లతో పనిచేస్తున్న ఒక పిల్ల జిగురు చేతులు పైకి పట్టుకొని దగ్గరికి వచ్చింది.

"మీరు పిన్నిగారు కదూ? బాబాయ్ లోపల అదరగొడుతున్నాడు. ఇదిగో అయిపోవచ్చింది. మంచినీళ్లు తేనా పిన్నిగారూ?"

తెమ్మంది. డాక్టరేటు వచ్చిన పూట ఆమెకు తొలిగా దక్కిన కొత్త బిరుదు అది. నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చేసి, కాస్త పక్కకు జరిగి కూర్చుంది. ఆయన బయటికి వస్తే పక్కన కూర్చోవడానికి చోటుండాలి కదా.